శ్రీలంక సార్ చెప్పే జపనీస్ ఆన్‌లైన్ బ్యాచ్: మన నెల్లూరోళ్ళకి పనికొస్తాదా?

ముందే చెప్పేస్తా, జపనీస్ మొదలుపెట్టాలనుకునే మన నెల్లూరు, ఒంగోలు పిల్లకాయలకి ఈ బ్యాచ్ బాగానే పనికొస్తాది, కంజీ (చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరాలు) కోసమైతే మాత్రం వేరేది చూసుకోండి. పేరు రాయట్లా, కంప్లైంట్లు కూడా ఉండాయి కాబట్టి.

మన సైడు జపనీస్‌కి గిరాకీ ఎందుకో తెలిసిందే. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో ఉండాయి, మనోళ్ళు చాలామంది ఆడే చేస్తా ఉండారు. నర్సింగ్ చదివినోళ్ళయితే జపాన్ 2019లో పెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద కేర్‌గివర్ పనికి పోదామని చూస్తా ఉండారు. ఆ వీసా ఒప్పందం మనవాళ్ళు 2021లో చేసుకున్నారు, శ్రీలంక వాళ్ళు 2019లోనే చేసేసుకున్నారు. పైగా ఆడ ఎ-లెవెల్‌లోనే, అంటే మన ఇంటర్ లాంటిదాంట్లోనే, జపనీస్ ఒక సబ్జెక్టు. అందుకే ఆ దేశంలో జపనీస్ సార్లకి కొదవ లేదు, మనకి ఇట్టా ఆన్‌లైన్లో దొరుకుతుండారు.

ఇంక క్లాస్ సంగతి. సార్ చెప్పేది ఇంగ్లీషులోనే, కానీ ఆయన బుర్రలో నడిచేది సింహళం. ప్రతి పాయింటూ ముందు సింహళంలో ఒక లైన్ రాసి, పక్కన జపనీస్ రాసి, చూడండి రెండూ ఒకటే వరస అంటాడు. మొదట్లో బ్యాచ్‌లో ఉండే మన తెలుగోళ్ళం మాకెందుకయ్యా ఈ సింహళం అని తెగ గొణుక్కున్నాం, కానీ కాసేపు చూస్తే అది మన తెలుగు వరసే, అసలు ఇంగ్లీషు మధ్యలో లేకపోతే ఇంత తేలికా అనిపించింది. నెల్లూర్లో నేను ముందు పోయిన కోచింగులో ఐ ఈట్ రైస్ అని రాసి, ఇప్పుడు వెర్బ్ తీసి చివర పెట్టండి అనేవాళ్ళు. అన్నం తింటా అనే వాడికి ఆ తిప్పలు ఎందుకు చెప్పండి!

నాకు బో నచ్చింది ఏదంటే, మనం లేచి, మొహం కడుక్కుని, టిఫిన్ తిని, బస్సెక్కి అంటా గొలుసు కడతాం చూడండి, జపనీస్‌లో ఒక క్రియని తరవాతి క్రియకి కలిపే తె-ఫామ్ అచ్చం అదే. చేపల పులుసు తిని చూడు అంటాం కదా, ఈడ చూడు అంటే కళ్ళతో చూడమని కాదు, రుచి చూడమని. జపనీస్‌లో తబెతె మిరు అంటే తిని చూడటమే, మిరు అంటే చూడటం. సింహళంలో కాలా బలన్న, అదీ తిని చూడమనే. మూడు భాషలూ ఒకేచోట తేలాయి, ఇంగ్లీషులో ట్రై ఈటింగ్ అని రాసి ఉండే బుక్కులో ఇది ఎట్టా తెలుస్తాది? అట్టాగే నిన్న తిన్న పులుసు అని పులుసుకి ముందే అంతా చెప్పేయడం, జపనీస్‌లో కినో తబెత అన్నా, సింహళంలో ఈయే కాపు అన్నా, అదే పద్ధతి. విచ్ ఐ ఏట్ అని వెనక తోక తగిలించే పనే లేదు.

కొన్నిచోట్ల సింహళమే జపనీస్‌కి దగ్గర, మనం దూరం. జపనీస్‌లో మనిషో కుక్కో ఉంటే ఇరు, కుర్చీనో పుస్తకమో ఉంటే అరు. సింహళంలో కూడా ప్రాణం ఉండేదానికి ఇన్నవా, లేనిదానికి తియెనవా. మనకేమో అక్క ఉంది, అలమర ఉంది, రెంటికీ ఒకే ఉంది! ఈ పాఠంలో శ్రీలంక పిల్లలు టకటకా చెప్పేస్తా ఉంటే మనోళ్ళు దిక్కులు చూస్తా కూర్చున్నారు. క్రియలూ అంతే, తింటాను, తింటావు, తింటాడు అని మనం మార్చినట్టు జపనీస్‌లో మార్చరు, ఎవరు తిన్నా తబెరు. మాట్లాడే సింహళంలోనూ ఎవరికైనా కనవా ఒకటే. వాళ్ళ గ్రంథ భాషలో మారతాయంట, అది వేరే గోల.

ఉచ్చారణలో మాత్రం మనదే పైచేయి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకి పుట్టుకతో వచ్చేవే. త్సు పలకమంటే హిందీ వాళ్ళు కష్టపడతా ఉంటే మనం చుట్టం, చుక్క అనేటప్పుడు ఆ శబ్దమే తెలీకుండా పలుకుతా ఉంటాం. కనా (పలికినట్టే రాసే జపనీస్ లిపి) అక్షరాల వరస కూడా క, స, త, న, హ, మ, య, ర, వ అని పోతాది. ఇది బౌద్ధ భిక్షువుల సంస్కృత చదువు ద్వారా జపాన్ చేరిన వరసని సార్ చెప్పాడు. హ ఉండే చోట మన ప పెట్టుకుంటే ఓనమాలే, ఎందుకంటే ఆ హ పాతకాలంలో ప.

ఒకాయన అడిగాడు, అయితే జపనీస్ ద్రావిడ భాషేనా సార్ అని. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళంతో చుట్టరికం ఉందని చాలా రాశాడు గానీ భాషాశాస్త్రం వాళ్ళు ఎక్కువమంది ఒప్పుకోలా. వరస ఒకటైనంత మాత్రాన చుట్టాలు కారు, కొరియన్, టర్కిష్‌లో కూడా క్రియ చివరే అని సార్ తేల్చేశాడు. సింహళమే ఉత్తరాది నుంచి పోయిన ఆర్య భాష, తమిళం పక్కన వందల ఏళ్ళు ఉండి వాక్యం కట్టడంలో ఇట్టా మన దారికొచ్చింది. ఈ క్లాస్ ఒక్కటీ ఫీజుకి సరిపోయింది నాకైతే.

ఇంక తిట్లు. కంజీ చెప్పడం సుద్ద దండగ, పీడీఎఫ్ పడేసి చదువుకోండి అంటాడు. జపాన్ వాళ్ళు రోజువారీ వాడకానికి పెట్టుకున్న జోయో లిస్టులోనే కంజీలు 2,136 ఉండాయి, సింహళం, తెలుగు రెండూ ఆడ చేతులెత్తేస్తాయి. వాక్యంలో పేరు పక్కన తగిలించే వా కీ గా కీ తేడా అడిగితే ఉదాహరణ మీద ఉదాహరణ ఇస్తాడేగానీ తెగదు. నేనైతే రాను అనే మన అయితే తీసుకుని నేనే కొంత వా అర్థం చేసుకున్నా, అదీ అన్నిచోట్లా కుదర్దు. రికార్డింగులు ఆలస్యంగా పెడతారు, ఆఫీసు వాళ్ళకి టెలిగ్రామ్‌లో అడిగితే చూసి గమ్మునుంటారు. పౌర్ణమి వచ్చిందంటే క్లాస్ ఉండదు, ఆడ ప్రతి పౌర్ణమీ పోయ సెలవు, క్యాలెండర్ చూసుకుని జాయినవ్వండి. టైమ్ మాత్రం మన టైమే, తేడా లేదు. ఫీజు కార్డుతో కట్టాల, మన బ్యాంకు దానిమీద కొంచెం గుంజుతాది, అయినా నెల్లూరు కోచింగ్ కంటే తక్కువే పడింది.

జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో అన్నిటికంటే కింది మెట్టు ఎన్5, దానికి ఇది చాలు. 180కి 80 వస్తే పాస్, కానీ లిజనింగ్‌లో 60కి 19 విడిగా రావాల, సార్ లిజనింగ్ బాగా చేయిస్తాడు. ఆ పరీక్షలో మాట్లాడించడం ఉండదు, కాబట్టి ఇంటర్వ్యూకి పోయేవాళ్ళు స్పీకింగ్ విడిగా చూసుకోండి, బ్యాచ్ పెద్దది, వంతు వచ్చేసరికి టైమైపోతాది. పరీక్ష జూలైలోనూ డిసెంబర్‌లోనూ, మనకి దగ్గర సెంటర్ చెన్నై. ఐదుకి మూడున్నర స్టార్లు. కంజీకి మంచి తెలుగు సార్ ఎవరైనా ఉంటే కింద చెప్పండబ్బా, నేనూ వెతుకుతుండా.