సివిల్‌లోనే ఉండాలా, సీఎస్‌ఈకి మారాలా: ఏది మేలు?

మా చెల్లెలి కూతురు కాకినాడ వైపు ఒక కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. దసరా సెలవులకు అంబాజీపేట వచ్చిన రోజే "పెద్దమ్మా, సివిల్ నావల్ల కాదు, సీఎస్‌ఈకి మారిపోతాను" అంది. సీఎస్‌ఈ అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్. కొబ్బరికాయల లెక్క రాసుకుంటున్న వాళ్ళ నాన్న తలెత్తలేదు. ఆయన పలకలేదంటే ఒప్పుకున్నట్టు కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు మారే దారి ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. కొన్ని ఎన్‌ఐటీల్లో మొదటి ఏడాది మార్కులను బట్టి, ఖాళీలుంటే, బ్రాంచి మార్చుకోవచ్చు. జేఎన్‌టీయూ కాకినాడ నిబంధనల ప్రకారం అడ్మిషన్లు ముగిశాక ఆ వీలు లేదు. కాబట్టి మా అమ్మాయి మారడమంటే కాలేజీ మానేసి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ మళ్ళీ రాయడమే. 160 మార్కుల్లో లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంటర్ తర్వాత ముట్టుకోని కెమిస్ట్రీ పుస్తకాలు మళ్ళీ తీయాలి. మంచి ర్యాంకు వచ్చినా చేరేది మొదటి ఏడాదిలోనే, అంటే రెండేళ్ళు వెనక్కి పోయినట్టే. ఫీజు రీయింబర్స్‌మెంటు రెండోసారి కూడా వస్తుందనుకుని అడుగు వేయకూడదు, కనుక్కున్న తర్వాతే సీటు వదలాలి.

రెండో దారి, సివిల్‌లోనే ఉంటూ కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ చేయడం, అంటే మన బ్రాంచి చదువుకు తోడు ఇంకో బ్రాంచి సబ్జెక్టులు కొన్ని అదనంగా చదవడం. బీటెక్‌కు ఉండే సుమారు 160 క్రెడిట్లకు తోడు మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదవాలి. బ్యాక్‌లాగులు లేకుండా మంచి సీజీపీఏ ఉన్నవారికే ఇస్తారు. సెలవు రోజులు చాలావరకు దీనికే పోతాయి. అయినా ఏడాది నష్టం ఉండదు, ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) వంటి ప్రభుత్వ ఉద్యోగాలకు కావలసిన సివిల్ పట్టా చేతిలో ఉంటుంది. కాలేజీలకు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావాటికి బ్రాంచి పట్టింపు లేదు. మూడో దారి, ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్ష: సివిల్ చదివినవారు కంప్యూటర్ సైన్స్ పేపరు రాయవచ్చు. కానీ అది పూర్తిగా కొత్త సిలబస్, ఒంటరిగా చదవాలి.

నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. సబ్జెక్టు అంటే విరక్తి వేరు, ఉద్యోగం రాదేమోనన్న దిగులు వేరు. పిల్లలు రెండింటినీ ఒకే మాటతో "నచ్చలేదు" అంటారు. అందుకే దాని సంచిలోని సర్వే ఫీల్డు బుక్ తెమ్మన్నాను. కాలువ గట్టు మీద తీసిన రీడింగులు: బ్యాక్ సైట్ (ఎత్తు తెలిసిన చోట తీసేది), ఫోర్ సైట్ (ఎత్తు తేల్చాల్సిన చోట తీసేది), ఆ చోటి ఎత్తు చెప్పే ఆర్‌ఎల్. బ్యాక్ సైట్ల మొత్తంలోంచి ఫోర్ సైట్ల మొత్తం తీసేస్తే, చివరి ఆర్‌ఎల్‌కూ మొదటి ఆర్‌ఎల్‌కూ ఉన్న తేడాతో సరిపోవాలి. ఒక పేజీలో సరిపోలేదు, పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. "ఆ తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ప్రోగ్రాం రాశాను" అంటూ ఫోను తీసి చూపించింది. చూపిస్తున్నంతసేపూ దాని ముఖం వెలిగిపోయింది.

విరక్తి ఉన్న పిల్ల ఆ పని చేయదు. దానికి కంప్యూటర్ ఇష్టం, నిజమే. ఆ ఇష్టానికి మేత దొరికింది సివిల్ లెక్కల్లోనే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నీరు మా కొబ్బరి తోటల దాకా వస్తున్నది కంటికి ఆనని వాలు మీదే, ఆ వాలును పట్టేది ఇలాంటి లెక్కే. పి.గన్నవరం అక్విడక్టు వైనతేయ నది మీదుగా కాలువను లంకలకు దాటించడం మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూస్తోంది. కొలతలు, కోడు రెండూ తెలిసినవారికి ఈ డెల్టాలో పని లేకపోదు.

అందుకే మైనర్ చేయమన్నాను. ఇదే పిల్ల మొదటి ఏడాదిలో ఉండి, డ్రాయింగ్ బోర్డు చూస్తేనే నీరసం వస్తోందని చెప్పి ఉంటే, ఆ నెలలోనే మానేయమని నేనే వాళ్ళ నాన్నతో పోట్లాడేదాన్ని. మా వీధి అబ్బాయి ఒకడు ఈసీఈ మొదటి సెమిస్టరులోనే వదిలేసి సీఏ ఫౌండేషన్‌లో చేరాడు, వాడి విషయంలో అదే సరైన పని.

దీపావళికి ఫోను చేసింది. మైనర్‌కు దరఖాస్తు పెట్టిందట. సర్వే మార్కులు ఇంకా రాలేదట.