మారతహళ్లి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎన్ని గంటలు?

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే సుమారు 14,000 కిలోమీటర్లని వస్తుంది. గ్లోబు మీద దారం బిగించి కొలిచిన లెక్క అది. విమానం ఆ దారం వెంటే పోదు. గాలి ఎటు వీస్తోంది, ఏ దేశం తన మీదుగా వెళ్లనిస్తుంది, ఇవన్నీ చూసుకుని దారి ఎంచుకుంటారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని నేరు సర్వీసు మొదలుపెట్టినప్పుడు అట్నుంచి వచ్చిన తొలి విమానాన్ని అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడుపుకొచ్చారు.

2023 డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి మేమిద్దరం ఆ నేరు విమానంలోనే వెళ్లాం. బెంగళూరులో మేముండే మారతహళ్లి నుంచి వెళ్లే దారిలో ట్రాఫిక్ టెన్షన్‌తో, ముందురోజు రాత్రే విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి వైపు ఒక హోటల్లో దిగాం. పేరెందుకులెండి, ఫ్రీ వ్యాన్ అన్నారు, అది నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మధ్యాహ్నం విమానానికి ఆ ఖర్చు దండగ. తెల్లవారుజాము విమానమైతే వేరే సంగతి. మాకైతే పొద్దున్నే ఇంట్లో ఇడ్లీ తిని బయల్దేరినా సరిపోయేది. టెర్మినల్ 2 మాత్రం బాగుంది. వెదురు పైకప్పు, వేలాడే మొక్కలు చూస్తూ మా ఆవిడ పెట్టెల మాటే మర్చిపోయింది.

విమానంలో దాదాపు పదిహేడు గంటలు. కాలిఫోర్నియా చలికాలంలో మనకంటే పదమూడున్నర గంటలు వెనక. అందుకే మధ్యాహ్నం ఎక్కి, అదే తేదీ సాయంత్రానికి దిగాం. లెక్క చెబితే ఆవిడ నమ్మలేదు, అమ్మాయికి ఫోన్ చేసి అడిగింది. సగం దారిలో ఆవిడ పాదాలు వాచి, చెప్పుల్లో పట్టలేదు. సాక్సులతోనే సీట్ల మధ్య నడవాలో అటూ ఇటూ పదిసార్లు తిరిగింది. అరవై దాటినవాళ్లు నడవా పక్క సీటే అడగండి. కిటికీలోంచి కనిపించేది ఎలాగూ చాలాసేపు చీకటే.

తిరిగొచ్చేటప్పుడు దుబాయ్ మీదుగా వచ్చాం, టికెట్ కాస్త చవక. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దుబాయ్ సుమారు 13,000 కిలోమీటర్లు, అక్కడి నుంచి బెంగళూరు ఇంకో 2,700. మొదటి విమానమే పదహారు గంటలకు దగ్గర. మధ్యలో దిగుతాం కదా, ఒళ్లు తేలికవుతుందనుకుంటే పొరపాటే. పెద్ద ముక్క పెద్దదిగానే ఉంది, దానికి దుబాయ్‌లో కొత్త గేటు వెతుక్కునే తిప్పలు, మళ్లీ సెక్యూరిటీ చెక్ తోడయ్యాయి. నిజంగా నడుము వాల్చాలంటే ప్రయాణాన్ని సగానికి విరిచే ఊరు చూసుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ అలాంటిది, అటు పదకొండు గంటలు, ఇటు తొమ్మిదో పదో. మా ఆవిడ ఓటు దానికే. నా ఓటు నేరు విమానానికి, ఎందుకంటే నాకు కూర్చుని నిద్రపట్టేస్తుంది, ఆవిడకి పట్టదు.

బెంగళూరులో దిగాక క్యాబ్ రెండుసార్లు క్యాన్సిల్ అయింది. నాలుగు పెట్టెలతో మారతహళ్లి మీదుగా పోయే వాయు వజ్ర అనే ఎయిర్‌పోర్టు బస్సెక్కాం. పెట్టెలు పెట్టుకోవడానికి అందులో చోటుంటుంది. హెబ్బాళ దాటేలోపే ఆవిడ నిద్రపోయింది.