ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేర్చేవాళ్ళు ఫీజు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఇప్పుడే ఆ కాలేజీ నుంచి వచ్చాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. పేరు రాయను గానీ, బస్టాండ్ వెనక సందులో కిరాణా కొట్టు పైన బోర్డు పెట్టుకున్న ఆ ప్రైవేటు ఐటీఐ ఏదో మన చుట్టుపక్కల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా తమ్ముడిని రెండేళ్ళు అక్కడికే పంపాను.

మొదటి ఏడు 32,000, రెండో ఏడు 28,000, పరీక్ష ఫీజని 3,500, యూనిఫాం, రికార్డులు, టూల్ కిట్, బస్సు పాస్ అన్నీ కలిపితే 75,000 దాటింది. నాన్న లేరు, నేను జాకెట్లు కుట్టి వేసుకున్న చీటీ ఎత్తి కట్టాను. వాడికి పక్క జిల్లా గవర్నమెంటు ఐటీఐలో ఫిట్టర్ సీటు వచ్చింది, అక్కడ ఫీజు మాకు లెక్కలోది కాదు. నేనే వద్దన్నాను. ఎలక్ట్రీషియన్ అయితే జూనియర్ లైన్‌మన్ రాసుకోవచ్చు, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ రాసుకోవచ్చు, ఏదీ రాకపోయినా వైరింగ్ పని ఎక్కడికీ పోదు అని లెక్క వేశాను. ఆ లెక్కలో ఈ రోజుకీ తప్పు లేదు. కానీ అదంతా చేతిలో ఎన్‌సీవీటీ సర్టిఫికెట్, అంటే ఐటీఐ వాళ్ళకి కేంద్ర ప్రభుత్వ గుర్తింపుతో వచ్చే సర్టిఫికెట్ ఉంటేనే.

పోయిన వారం అప్రెంటిస్‌షిప్‌కి అప్లై చేద్దామని నెట్ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడి అబ్బాయి మా తమ్ముడి నంబరు కొట్టాడు, రాలేదు. పుట్టిన తేదీ మార్చి మార్చి చూశాడు, రాలేదు. సర్టిఫికెట్ వెలుతురులో పెట్టి చూసి, "అక్కా, ఇది ఐటీఐ సర్టిఫికెట్ కాదు, వీళ్ళ సొసైటీ ఇచ్చే డిప్లొమా" అన్నాడు. పైన మూడు సింహాల బొమ్మ లేదు, బంగారు రంగు స్టిక్కర్ ఒకటి ఉంది, ఒక మూల లేచిపోయి ఉంది. ఫ్రేము కట్టిద్దామని నేను దాన్ని బీరువాలో చీరల మధ్య దాచాను.

ఈ రోజు పొద్దున ప్రిన్సిపల్ దగ్గర కూర్చున్నాం. ఆయన ఫోన్ చూసుకుంటూనే మాట్లాడాడు. "మా కాలేజీకి ఎన్‌సీవీటీ ఉందమ్మా, అబద్ధం ఏముంది, ఫిట్టర్‌కి ఉంది. ఎలక్ట్రీషియన్‌కి ఉందని మేం ఎక్కడైనా రాసి ఇచ్చామా?" అన్నాడు. నేను రసీదులు బల్ల మీద పెట్టాను. ఐదు రసీదులు. అన్నిటి మీదా 'శిక్షణ రుసుము' అనే ఉంది, ఒక్కదాని మీద కూడా ట్రేడ్ పేరు, అంటే ఏ కోర్సో లేదు. అడ్మిషన్ రోజు ఇదే మనిషి గోడకున్న గుర్తింపు కాగితం చూపించి "గవర్నమెంటు సర్టిఫికెట్టే తల్లీ" అన్నాడు, ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. అది గుర్తు చేస్తే, "మీకు చదువు రాకపోతే మేమేం చేస్తాం, చదువుకున్నవాళ్ళని తీసుకొచ్చుకోవాల్సింది" అన్నాడు, మా తమ్ముడి ముందే. వాడు ఆ సర్టిఫికెట్ కవరు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. వాడి మొహం చూడలేకపోయాను.

డబ్బు పోతే పోయింది, ఆ రెండేళ్ళు ఎవరిస్తారు? మా బాబాయ్ వైరింగ్ మేస్త్రీ, అప్పుడే ఆయన వెంట పంపి ఉంటే ఈ పాటికి ఇంటి వైరింగ్ మొత్తం ఒంటి చేత్తో చేసేవాడు. కాలేజీలో అయితే మోటారు స్టార్ట్ చేసే స్టార్-డెల్టా స్టార్టర్ బొమ్మ రికార్డులో మూడుసార్లు గీయించారు గానీ, అసలు స్టార్టర్ మూత తీసి చూపించలేదట. వర్క్‌షాప్‌లో ఉన్న ఒకే ఒక్క మోటారుకి వైండింగ్ కాలిపోయి ఉందట. మిగతా ఐటీఐ పిల్లలు థియరీ పరీక్ష కంప్యూటర్ మీద రాస్తుంటే వీళ్ళతో క్లాసు గదిలోనే తెల్ల కాగితాల మీద రాయించారు. వాడు ఇంటికొచ్చి చెప్పాడు కూడా. అప్పుడైనా నేను పట్టించుకోవాల్సింది, కుట్టు పని తొందరలో సరే అన్నాను. ఆ తప్పు నాదే.

మీరు మాత్రం కాలేజీకి గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోవద్దు. గుర్తింపు ఒక్కో ట్రేడ్‌కి వేరుగా, యూనిట్ల (బ్యాచ్‌ల) లెక్కన ఇస్తారు. ఎలక్ట్రీషియన్‌లో యూనిట్‌కి 20 సీట్లే, ఒకే యూనిట్ ఉన్నచోట 50 మందిని కూర్చోబెట్టారంటే మిగతా పిల్లల పేర్లు ఎక్కడా ఉండవు. కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఆ కాలేజీ కింద ఎలక్ట్రీషియన్ అని ఉందో లేదో చూడండి, మీకు తెలియకపోతే దగ్గర్లోని గవర్నమెంటు ఐటీఐకి వెళ్ళి అడగండి. ఈ ట్రేడ్ రెండేళ్ళది, ఏడాదిలో ఇస్తామంటే లేచి వచ్చేయండి. రసీదు మీద ట్రేడ్ పేరు రాయమనండి. చేరాక పిల్లవాడి పేరు పోర్టల్‌లోకి ఎక్కాకే రెండో విడత ఫీజు కట్టండి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్తున్నాను. మా తమ్ముడి బ్యాచ్‌లో చదివినవాళ్ళు గానీ, వాళ్ళ అమ్మానాన్నలు గానీ ఇది చూస్తే రసీదులు, ఆ సర్టిఫికెట్ జిరాక్స్ తీసుకుని పది గంటలకల్లా గేటు దగ్గరికి రండి. ఒక్కదాన్నే వెళ్తే మళ్ళీ ఇదే మాట అంటారు, రాసి ఇచ్చామా అని.