ఒక్క విమర్శకుడా, అందరి స్కోరా?

కొత్త సినిమాల్లో ఏది చూడాలి? నమ్మిన విమర్శకుడి రివ్యూ చదవాలా, విమర్శకుల రివ్యూలన్నీ కలిపి ఒక శాతంగా చూపే రాటెన్ టొమాటోస్ లాంటి వెబ్‌సైట్ స్కోరు చూసుకోవాలా?

సమయం: స్కోరుకు ఒక్క చూపు చాలు. రివ్యూ ఓపిగ్గా చదవాలి.

ఖర్చు: స్కోరు ఉచితం. కొన్ని పత్రికల రివ్యూలకు చందా కట్టాలి.

రిస్క్: అసలు తిరకాసు ఇక్కడే. రాటెన్ టొమాటోస్ శాతం సినిమా ఎంత బాగుందో చెప్పదు, ఎంతమంది విమర్శకులు బాగుందన్నారో చెబుతుంది. దాదాపు అందరూ ‘పర్లేదు’ అన్న సినిమాకు 90 రావచ్చు. సగంమంది నెత్తిన పెట్టుకుని, సగంమంది తిట్టిపోసినదానికి 50 దగ్గరే ఆగిపోతుంది. 60 లేకపోతే ‘రాటెన్’ (కుళ్ళినది) అనే ముద్రే. మెటాక్రిటిక్ అనే మరో సైట్ రివ్యూలకు మార్కులు వేసి సగటు తీస్తుంది కాబట్టి కాస్త నయం. విమర్శకుడికీ పక్షపాతాలుంటాయి, కానీ వరసగా చదివితే అవి పట్టుబడతాయి. హారర్ అంటేనే గిట్టని మనిషి తిట్టాడంటే, హారర్ అభిమానికి అది సిఫార్సు కిందే లెక్క!

స్పాయిలర్లు: స్కోరుతో ఆ భయం లేదు.

నలుగురితో కలిసి సరదాగా చూసేయాలంటే స్కోరు చాలు. టాక్ రెండుగా చీలిన సినిమాకైతే విమర్శకుడే. చూసొచ్చాక వాదించుకోవడానికీ ఆయనే పనికొస్తాడు.