హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: సీసాదా, సాసర్‌దా?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో హమ్మింగ్‌బర్డ్‌ అనే చిన్న పిట్టకి ఫీడర్ (పంచదార నీళ్లు పోసే పాత్ర) కట్టాలంటే ప్రధానంగా రెండు రకాలు: బోర్లించిన సీసా, మూతకు రంధ్రాలున్న సాసర్.

సీసాలో పంచదార నీళ్లు ఎక్కువ పడతాయి, వలస రోజుల్లో పిట్టలు ఎక్కువగా వచ్చినప్పుడు నయం. చిక్కల్లా ఎండతోనే. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి నీళ్లను కిందికి నెడుతుంది. చుక్కలు కారతాయి, వాటి వెంట చీమలు, కందిరీగలు. సగమే నింపితే లోపల గాలి ఎక్కువై మరింత కారుతుంది. మెడ సన్నగా ఉంటే బ్రష్ లేనిదే బూజు వదలదు.

సాసర్‌లో నీళ్లు రంధ్రాలకు కాస్త కిందుగా ఉంటాయి. చివర రెండుగా చీలిన పిట్ట నాలుక వాటిని అందుకుంటుంది, తేనెటీగకు మాత్రం అందవు. మూత తీస్తే చెయ్యి పెట్టి తోమేయొచ్చు. గాలికి ఊగితే తొణుకుతుంది, అంతే. మొదటిసారి కొనేవారు సాసరే తీసుకోండి.

ఏదైనా కొలత ఒకటే: కప్పు తెల్ల పంచదారకు 4 కప్పుల నీళ్లు. బెల్లం, తేనె, ఎర్ర రంగు వద్దే వద్దు. మండే ఎండల్లో రెండు రోజులకోసారి మార్చాలి. ఈలోపే మసకబారితే వెంటనే పారబోసి, ఫీడర్‌ని వేణ్ణీళ్లతో కడగాలి.