అంగడి లాటరీ అట్ట, చిప్స్‌లో బొమ్మ, ఫోన్ ఆటలో పెట్టె: పిల్లలకు ఏది తక్కువ చెరుపు?

ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ టికెట్లు అమ్మరు కాబట్టి పిల్లలకు ఆ బెడద లేదనుకుంటాం. కానీ 1998 నాటి కేంద్ర లాటరీ చట్టం ప్రకారం, పేరేదైనా రూపమేదైనా, టికెట్ కొన్నవాళ్లకు అదృష్టాన్ని బట్టి బహుమతులు పంచితే అది లాటరీయే. అలా చూస్తే కడపలోనో కర్నూలులోనో బడి పక్క అంగడికి వేలాడే చీటీల అట్ట కూడా లాటరీయే.

ఆ అట్టను పిల్లల కోసమే తయారుచేస్తారు. పెద్ద బొమ్మలు పైన మెరుస్తుంటాయి, చీటీలు చిన్న చేతికి అందే ఎత్తులో ఉంటాయి. ఓడినా ఒక బిళ్ళ చేతికొస్తుంది. అందుకే పిల్లవాడికి ఓడినట్టే అనిపించదు, ఇంకో రెండు రూపాయలు అడుగుతాడు. లెక్క చూడండి: 100 చీటీలు, చీటీ 2 రూపాయలు, మొత్తం 200. ఐదు బొమ్మలూ కలిపి 60 రూపాయలవి, 95 బిళ్ళలూ కలిపి 50 రూపాయలవి అనుకుంటే పిల్లలకు తిరిగొచ్చేది 110. అయినా ఈ ఆటకు ఒక హద్దుంది. చింపిన చీటీ మళ్ళీ రాదు, అట్ట అయిపోతే ఆట అయిపోయినట్టే. మోసం ఎక్కడంటే, బొమ్మల చీటీలను ముందే తీసి దాచడంలో. పది చీటీలే మిగిలి, ఐదు బొమ్మలూ అట్ట మీదే ఉన్నాయంటే అనుమానించండి. నిజాయితీ అట్టలో అలా జరగడం దాదాపు మూడు లక్షల్లో ఒక్కసారే.

చిప్స్ ప్యాకెట్లోని బొమ్మకు డబ్బు చెరుపు తక్కువ, ప్రాణభయం ఎక్కువ. 2017లో ఏలూరులో అలాంటి ప్లాస్టిక్ బొమ్మ మింగి ఒక పసివాడు చనిపోయాడు. చిన్నపిల్లలున్న ఇంట్లోకి దీన్ని అసలు రానివ్వొద్దు.

అన్నిటికన్నా చెడ్డది ఫోన్ ఆటలోని పెట్టె, అంటే డబ్బు పెట్టి తెరిస్తే అదృష్టాన్ని బట్టి ఏదో ఒక బహుమతి వచ్చేది. కొన్ని ఆటల్లో పెట్టెకు బదులు చక్రం ఉంటుంది. తిరిగే చక్రం పెద్ద బహుమతి దగ్గర నెమ్మదించి, ఒక్క గడి దాటి ఆగుతుంది. 'కొంచెంలో పోయింది' అని పిల్లవాడు మళ్ళీ నొక్కుతాడు. నిజానికి ఫలితం బటన్ నొక్కగానే ప్రోగ్రామ్‌లో తేలిపోయి ఉంటుంది, చక్రం కంటికి చూపే తంతు. ఒక్కో పెట్టెలో పెద్ద బహుమతికి 1 శాతం అవకాశమంటే 100 పెట్టెల్లో తప్పక వస్తుందని కాదు. ఎప్పటికప్పుడు అదే 1 శాతం కాబట్టి, 100 తెరిచినా వందమందిలో 37 మందికి రాదు. పైగా రూపాయల్ని వజ్రాలుగా, నాణేలుగా మార్చేసరికి ఎంత ఖర్చయిందో పిల్లలకు తెలియదు. బెల్జియం 2018లోనే డబ్బుతో తెరిచే ఇలాంటి పెట్టెలను జూదంగా తేల్చింది.

కాబట్టి ఈ మూడింట్లో తప్పక ఒకటి ఒప్పుకోవాల్సి వస్తే అట్టే నయం. రోజుకొక్క చీటీ, అదీ పెద్దవాళ్ల ఎదుట. దానికన్నా మేలు, ఉరుకుంద ఈరన్న తిరునాలలోనో దేవుని కడప రథసప్తమికో 50 రూపాయలు చేతికిచ్చి, బొమ్మలంగట్లో నచ్చింది ఏరుకోమనడం. పెట్టిన డబ్బుకు ఏం వస్తుందో ముందే కనబడుతుంది.

ఫోన్ ఇవ్వక తప్పకపోతే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, అందులో సేవ్ చేసి ఉంచిన బ్యాంకు కార్డు తీసేయండి, యూపీఐ పిన్ పిల్లల ముందు నొక్కకండి. తెలియకుండా కొనేస్తే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో రీఫండ్ అడగండి. ఆలస్యమైతే ఆట తయారుచేసిన కంపెనీని అడుక్కోవాల్సి వస్తుంది.