గోదావరి ఇసుకా, రోబో ఇసుకా: స్లాబుకి ఏది మేలు?

మా ఇంటికి పై అంతస్తు వేయించిన దగ్గర్నుంచి కోనసీమలో ఇల్లు మొదలెట్టిన ప్రతివాళ్లూ ఇదే అడుగుతున్నారు. నేను పిల్లర్లకీ స్లాబుకీ రోబో, అంటే రాయిని యంత్రంతో ఆడించి చేసే ఇసుక వాడాను. ప్లాస్టరింగుకి మాత్రం గోదావరి ఇసుకే తెప్పించాను.

మా తాపీ మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. "రోబో గరుకండీ, తాపీ జారదండి, నీళ్లు కూడా ఎక్కువ తాగేత్తదండి" అన్నాడు. గోడ పూత వరకు ఆయన మాట నిజమే. ఏటి ఇసుక నీళ్లలో దొర్లి దొర్లి నునుపు తేలుతుంది. రాతి ఇసుకకి కోణాలుంటాయి, కాంక్రీటులో సిమెంటుని పట్టేది ఆ కోణాలే. 75 మైక్రాన్ల కంటే సన్నపొడి ఏటి ఇసుకలో 3 శాతం దాటకూడదనీ, రాతి ఇసుకలో 15 శాతం దాకా ఉండొచ్చనీ కాంక్రీటులో వాడే ఇసుక, కంకరల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 383 చెబుతుంది. ఒకదాంట్లో అది చాలావరకు మన్ను, రెండోదాంట్లో రాతిపొడి.

అసలు మోసం క్రషర్ డస్టుని, అంటే కంకర కొట్టగా మిగిలే పొడిని, రోబో పేరుతో అమ్మడంలో ఉంది. మాకొచ్చిన మొదటి లోడు అదే. గాజుగ్లాసులో సగానికి పోసి, నీళ్లు నింపి, కలిపి వదిలేస్తే కాసేపటికి ఇసుక పైన వేలెడు మందాన బూడిదరంగు బురద పేరుకుంది. లోడు తిప్పి పంపేశాం.

ఇసుక ఉచితమైంది కదా, రోబోకి డబ్బులు పోయడం దేనికి అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఉచితమే, తవ్వకం, లోడింగు, రవాణా ఖర్చులు మాత్రం మనవే. ధర సంగతి ఎలా ఉన్నా, నన్ను రోబో వైపు తిప్పింది ఏరే. మనం నిలబడిన ఈ డెల్టా గోదావరి మోసుకొచ్చి పోసిన ఇసుకా ఒండ్రూ. ఎగువ ఆనకట్టల వెనక ఆ సరుకు చాలావరకు ఆగిపోతోంది, పోలవరం నిండితే ఇంకా తగ్గుతుంది. వరద తెచ్చేదానికంటే ర్యాంపుల్లో (ఇసుక తవ్వి లారీలకెత్తే రేవుల్లో) ఎత్తేది ఎక్కువైతే ఏటి అడుగు దిగిపోతుంది. అప్పుడు లంక గట్టు కింద నుంచి కోసుకుపోయి, కాపుమీదున్న కొబ్బరిచెట్టు వేళ్లతో సహా ఏట్లోకి ఒరుగుతుంది. వశిష్ట, వైనతేయ పాయల దిగువన ఇంకో చిక్కుంది. అడుగు లోతయ్యేకొద్దీ సముద్రపు పోటుకి ఎక్కే ఉప్పునీరు మరింత పైకొస్తుంది, గట్టు పక్క బోర్లు ఉప్పుతేలతాయి. కేంద్రం 2016 మార్గదర్శకాల్లో 3 మీటర్ల లోతు, నీటిమట్టం, ఈ రెంటిలో ఏది ముందొస్తే అక్కడ తవ్వకం ఆపమన్నది ఇందుకే.

మరి కొండకి నష్టం లేదా? ఉంది. డెల్టాలో రాయి లేదు, ఎగువ మెట్ట నుంచి రావలసిందే. దేవరపల్లి దగ్గర గౌరీపట్నం క్వారీల నల్లరాయి 6 కోట్ల ఏళ్లు దాటిన లావా, తవ్వింది మళ్లీ రాదు. క్వారీ పక్క ఊళ్లకి దుమ్ము, పేలుళ్ల అదురు తప్పవు, నీళ్లు చల్లకుండా క్రషర్ నడిపితే ఊరుకోకూడదు. అయితే కంకర కోసం ఆ రాయిని ఎలాగూ పగలగొడుతున్నాం. దాంట్లో మిగిలే చిన్నరాయినే సరిగా ఆడించి, కడిగి ఇసుక చేస్తే కొత్తగా పోయే కొండ తక్కువ.

సముద్రపు ఇసుక జోలికి పోవద్దు, ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది. పునాది నింపడానికి బొండు ఇసుకో (మన్ను కలిసిన నాసిరకం ఇసుక), పాత ఇల్లు పగలగొట్టిన ముక్కలో చాలు.

రోబో తీసుకుంటే లోడు దింపించే ముందే పిడికెడు తీసి అరచేతిలో రుద్దండి. చేతికి పౌడరులా అంటుకుని, ఎంత దులిపినా వదలకపోతే టిప్పర్ తలుపు తీయనివ్వకండి.